ఆ నోట్‌బుక్కు మీరు తెరవకండి

పిల్లాడికి రామయ్యగారి దగ్గర సీటొచ్చిందని, ఉన్న ఊళ్లో ఇంటికి తాళం వేసి నల్లకుంటలో రెండు గదులు అద్దెకు తీసుకున్న కుటుంబాలు ఒకప్పుడు ఎన్నో. చుక్కా రామయ్యగారి ఐఐటీ కోచింగులో చేరడానికి ఒక ఎంట్రన్సు, ఆ ఎంట్రన్సు గట్టెక్కడానికి వేరే కోచింగు. ఆ రోజులు పోయాయి. చదువులు కార్పొరేట్ కాలేజీల్లోకి, హాస్టళ్లలోకి మారిపోయాయి. అయినా ఫీవర్ హాస్పిటల్ నుంచి విద్యానగర్ మీదుగా ఉస్మానియా క్యాంపస్ దాకా, అటు తార్నాక దాకా నడిచి చూడండి. ఏ సందులో చూసినా ఎవరో ఒకరు ఏదో ఒక పరీక్షకు చదువుతూనే ఉంటారు. ఇంటర్ పిల్లలు, నీట్ లాంగ్‌టర్మ్ పిల్లలు, గ్రూప్స్ కోసమో డీఎస్సీ కోసమో నోటిఫికేషన్ల వైపు చూస్తూ ముప్పైకి దగ్గరపడుతున్నవాళ్లు. వాళ్లందరికీ ఎక్కడో ఒకచోట అమ్మానాన్నలున్నారు. రాత్రి తొమ్మిదింటికి ఫోను చేస్తారు. "తిన్నావా?" "తిన్నా." "ఎలా ఉన్నావు?" "బానే ఉన్నా." అక్కడితో మాటలైపోతాయి.

ఆ "బానే ఉన్నా" వెనక ఏముందో తెలుసుకోవాలని మీకుంటుంది. చెప్పాలని వాళ్లకూ ఉంటుంది. కానీ మీకు చెప్తే మీరు కంగారుపడతారు, లేకపోతే ఏడుస్తారు, లేకపోతే కట్టిన ఫీజు మాట ఎత్తుతారు. మీరు ఎత్తకపోయినా వాళ్లకు అది గుర్తొస్తుంది. అందుకని మీ దగ్గర వాళ్ల నోరు విప్పించే ఉపాయాలేవీ నేను చెప్పబోవడం లేదు. మీతో కాకుండా ఇంకెవరితోనైనా, అదీ కాగితం మీద, చెప్పుకునే వీలు కల్పించమని అడుగుతున్నాను. నలుగురైదుగురు పిల్లలు ఒకచోట కూర్చోవాలి. పావుగంట రాసుకోవాలి. ఇష్టమున్నవాళ్లు రాసింది పైకి చదవాలి, మిగతావాళ్లు వినాలి, లేచిపోవాలి. ఇంతే పని.

"డైరీ రాసుకోమని చెప్తూనే ఉన్నాం కదా" అంటారు. డైరీ మంచిదే. కాకపోతే అక్కడ మనిషి ఒక్కడే. దిగులు పట్టినవాడు ఒక్కడే కూర్చుని రాస్తే చాలాసార్లు ఒకే మాట చుట్టూ తిరుగుతాడు: "నేను ఎందుకూ పనికిరాను." నిన్నా అదే, ఇవాళా అదే. పక్కన కూర్చున్న స్నేహితుడు కూడా అదే మాట రాసి పైకి చదివాడనుకోండి, వినేవాడికి అందులోని అబద్ధం ఇట్టే తెలిసిపోతుంది. మొన్ననే తనకు ఆర్గానిక్ కెమిస్ట్రీ అర్థమయ్యేలా చెప్పినవాడు పనికిరానివాడెలా అవుతాడు? తన గురించి తాను గట్టిగా నమ్మిన మాటను స్నేహితుడి గురించి నమ్మలేడు. నలుగురిలో కూర్చుని రాయడంలో ఉన్న బలం నా లెక్కలో ఇదే.

ఇదేదో కొత్తగా దిగుమతి చేసుకోవాల్సిన సరుకు కాదు. మన క్యాంపస్ చుట్టుపక్కలవాళ్లు చేసి చూపించిందే.

1978లో హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన అని ఆడవాళ్ల బృందం ఒకటి మొదలైంది. ఉస్మానియాలో రాజనీతిశాస్త్రం చెప్పిన రమా మేల్కోటే, తార్నాక పక్కన ఇప్పుడు ఇఫ్లూ అంటున్న సీఫెల్‌లో ఇంగ్లీషు చెప్పిన సూసీ తారు, అక్కడికి దగ్గర్లోనే జాతీయ పోషకాహార సంస్థలో పనిచేసిన డాక్టర్ వీణా శత్రుఘ్న, కె. లలిత, వసంత కన్నబిరాన్ అందులో ఉన్నారు. తెలంగాణ సాయుధ పోరాటంలో తిరిగిన ఆడవాళ్లను వెతుక్కుంటూ వెళ్లి, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రికార్డు చేసి, అందరూ కలిసి 1986లో "మనకు తెలియని మన చరిత్ర" అనే పుస్తకం తెచ్చారు. చిట్యాల ఐలమ్మ, దూడల సాలమ్మ, మల్లు స్వరాజ్యం, కమలమ్మ, ఇంకా ఎందరో అందులో తమ మాటల్లో తాము కనిపిస్తారు. పోరాటం ఆగింది 1951లో. ముప్పై ఏళ్లు దాటినా ఈ ఆడవాళ్ల దగ్గరకు వచ్చి "నీకేమైంది?" అని కుదురుగా కూర్చుని అడిగినవాళ్లు తక్కువ. కమలమ్మ అడవిలో కన్న బిడ్డను ఎవరికో అప్పజెప్పి పోవాల్సి వచ్చింది. అలాంటిది సభల్లో చెప్పుకునే సంగతి కాదు. చుట్టాల దగ్గర చెప్పుకుంటే నిందే మిగులుతుంది. వినడానికే వచ్చినవాళ్లకు, తీర్పు చెప్పనివాళ్లకు మాత్రమే చెప్పుకోగలం.

ఆ బృందంలోని కొందరు, ఇంకొందరితో కలిసి 1985లో అన్వేషి అనే స్త్రీల అధ్యయన కేంద్రం పెట్టారు. నల్లకుంటవాళ్లకు అది పక్క వీధి వ్యవహారమే. తర్వాతి కాలంలో డీడీ కాలనీలో నడిచింది. అక్కడి నుంచి 1991లో "సవాలక్ష సందేహాలు" వచ్చింది, ఆడవాళ్ల ఆరోగ్యం మీద. బోస్టన్‌లో కొందరు ఆడవాళ్లు 1970 ప్రాంతంలో గుమిగూడి రాసిన "అవర్ బాడీస్, అవర్‌సెల్వ్స్" లాంటి ప్రయత్నమే ఇదీ. డాక్టర్లు, డాక్టర్లు కానివాళ్లు కలిసి కూర్చుని తయారుచేశారు. వైద్యం పుస్తకం ఒకటి చెప్తుంది, ఒంటి మీద పడ్డది ఇంకొకటి చెప్తుంది, రెండింటినీ ఒకే బల్ల మీద పెట్టారు. సిగ్గుతో ఎవరికి వారు దాచుకున్న విషయం నలుగురి నోటా వచ్చేసరికి అది సిగ్గుపడాల్సిన విషయం కాకుండా పోతుంది. పిల్లల ఫెయిలూ ర్యాంకూ కూడా ఇలాంటి సిగ్గులే.

కొండపల్లి కోటేశ్వరమ్మగారి గురించి కాస్త ఆగి చెప్పాలి. 1986 పుస్తకంలో మాట్లాడినవాళ్లలో ఆమె ఒకరు. 1918లో పామర్రులో పుట్టారు. ఊహ తెలియని వయసులోనే పెళ్లి, వైధవ్యం. తర్వాత కొండపల్లి సీతారామయ్యతో పెళ్లి, కమ్యూనిస్టు ఉద్యమం, రహస్య జీవితం. ఆ భర్త వదిలేసి వెళ్లిపోయాక, ముప్పై దాటిన వయసులో హైదరాబాదు వచ్చి ఆంధ్ర మహిళా సభలో చేరి మెట్రిక్ చదువుకున్నారు. కాకినాడలో ఆడపిల్లల పాలిటెక్నిక్ హాస్టల్లో మేట్రన్‌గా పనిచేశారు. పరీక్షల ముందు రాత్రి ఆడపిల్లల గదుల్లో దీపాలు ఎందాకా వెలుగుతాయో ఆమెకు తెలియకుండా ఉంటుందా? కొడుకు ఉద్యమంలో పోయాడు. కూతురు అర్ధాంతరంగా పోయింది. ఇద్దరు బిడ్డలను పోగొట్టుకున్న ఆ తల్లి, తొంభై దాటాక, 2012లో "నిర్జన వారధి" అనే ఆత్మకథ ఇచ్చారు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ అచ్చు వేసింది. 2018లో నూరేళ్లు నిండాక వెళ్లిపోయారు.

పదిమంది గొంతుల మధ్య ఒక గొంతుగా 1986లో, ఒక్కతే రచయిత్రిగా 2012లో. మొదటిది లేకపోతే రెండోది వచ్చేది కాదని నేననను. కథలూ పాటలూ ఆమె అంతకుముందు నుంచీ రాస్తూనే ఉన్నారు. నాకు తట్టేది వేరే సంగతి. కష్టాన్ని కాగితం మీదికి తేవడానికి ఆమె తీసుకున్న కాలం చూడండి. మనమేమో ఈ సెమిస్టరు అయ్యేలోపు అబ్బాయి మనసు విప్పి మన ముందు పెట్టెయ్యాలంటాం.

ఇంట్లో ఇది ఎలా మొదలుపెట్టాలో చెప్తాను. శిక్షణ ఏమీ అక్కర్లేదు. అపార్టుమెంటులో ఒకే ఈడు పిల్లలు నలుగురుంటే చాలు, వారానికో గంట హాలు మీది, పకోడీలూ మీవే. పిల్లలు హాస్టల్లో ఉంటే, ఆదివారం ఔటింగుకు బయటికొచ్చినప్పుడు ఎవరో ఒకరింట్లో కూడొచ్చు. ఎనిమిది మంది దాటితే అది ట్యూషనైపోతుంది, చేర్చుకోవద్దు. పెద్దవాళ్లు ఒకరు కూర్చోవచ్చు, కానీ ఏ పిల్లకైనా అమ్మో నాన్నో అయినవాళ్లు వద్దు. ఎంఏ చదివే అక్కో, రిటైరైన తెలుగు మాస్టారో, పైఅంతస్తు పిన్నో మేలు. ఆ పెద్దవాళ్లూ రాయాలి. రాయకుండా కళ్లజోడు సర్దుకుంటూ చూస్తూ కూర్చునేవాళ్లు ఇన్విజిలేటర్లే అవుతారు.

"నీ కష్టం రాయి" అని మాత్రం అడక్కండి. అలా అడిగితే ఎవరికైనా పెన్ను ఆగిపోతుంది. చిన్న మాట ఏదైనా ఇవ్వండి: మా గది కిటికీ, మెస్సులో నా ప్లేటు, నాలుగింటి అలారం, పోగొట్టుకున్న పెన్ను. నేను చూసిన ఒక కూటమిలో ఆవేళ ఇచ్చిన మాట "ఫోను". ఫోన్లన్నీ స్టీలు డబ్బాలో వేసి మూత పెట్టేశారు. ఫ్యాను గాలికి కాగితాలు లేస్తుంటే ఒకమ్మాయి చెప్పు తీసి మీద పెట్టింది, నవ్వులు. తర్వాత పావుగంట పెన్నుల చప్పుడే. ఇంటర్ సెకండియర్ కుర్రాడొకడు నాలుగంటే నాలుగు లైన్లు రాశాడు. మూడు లైన్లు సిగ్నల్ గురించి. నాలుగోది: నాన్న ఫోను వచ్చినప్పుడల్లా ఎత్తే ముందు గొంతు సవరించుకుంటాను, బాగున్నట్టు వినిపించాలి కదా అని. చదివి కాగితం మడిచేశాడు. ఎవరూ ఏమీ అనలేదు. కాసేపయ్యాక ఎదురుగా కూర్చున్న అమ్మాయి, "నేనైతే ముందు మంచినీళ్లు తాగుతా" అంది. అందరూ మళ్లీ నవ్వారు, ఆ కుర్రాడు కూడా.

ఓదార్పు మాటలు, సలహాలు అక్కడ ఎవరూ ఇవ్వలేదని గమనించండి. రాసినవాడికి కావలసింది తన మాట ఇంకొకరి చెవిన పడటం. అమెరికాలో పాట్ ష్నైడర్ అనే కవయిత్రి ఉండేవారు. ప్రభుత్వం కట్టించిన బీదల ఇళ్లలో ఉండే ఆడవాళ్లతో ఏళ్ల తరబడి ఇలా రాయించారు. ఆవిడ పెట్టుకున్న కట్టుబాట్లు ఎవరైనా వాడుకోవచ్చు. అప్పుడే రాసిన దానిలో తప్పులెన్నకూడదు. అందులో ఏది మనసులో నిలిచిందో అది మాత్రం చెప్పాలి. చదవడం ఇష్టమైతేనే. విన్నది గది దాటకూడదు. అన్నిటికన్నా తెలివైనది ఇంకొకటి ఉంది: ఏది చదివినా కథగానే వినాలి, "ఇది నీకు నిజంగా జరిగిందా?" అని అడక్కూడదు. కథ అనే ముసుగు ఉంటే పిల్లలు చెప్పలేనివి కూడా చెప్పేస్తారు. కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో ఎరిన్ గ్రువెల్ అనే టీచరు తన క్లాసు పిల్లలతో రాయించిన డైరీలు 1999లో పుస్తకంగా వచ్చినప్పుడు, ఏది ఎవరు రాశారో తెలియకుండా అంకెలు మాత్రమే వేశారు. తుపాకులూ చావులూ చూసిన పిల్లలు వాళ్లు. పేరు బయటపడదన్న ధీమా ఉంటే అలాంటివి రాయడం తేలికవుతుంది.

మొహమాటపడే పిల్లలకు గొలుసుకథ బాగా పనికొస్తుంది. ఒకరు ఐదు లైన్లు రాసి పక్కవాళ్లకు ఇస్తారు, వాళ్లు అందుకుని ముందుకు తీసుకెళ్తారు. మన పత్రికల్లో గొలుసు నవలలు నడిచిన సంగతి మీ అమ్మగారిని అడిగితే చెప్తారు. మొదటి రెండు వారాలు దయ్యాలూ క్రికెట్టూ తప్ప ఏమీ రావు. రానివ్వండి. హాస్టల్ వార్డెన్ దయ్యమైపోయిన రోజున అసలు కథ మొదలైనట్టు.

ఏ భాషలో రాయాలనే పేచీ కొన్ని ఇళ్లలో వస్తుంది. మన పిల్లల్లో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసినా, మధ్యలో హిందీ దూరినా, వత్తులూ దీర్ఘాలూ పోయినా ఊరుకోండి. ఈ ఒక్క గంటలో భాషోద్ధరణ పెట్టుకోవద్దు. తెలుగు మీద మక్కువ కలగాలంటే తార్నాకలో "మంచి పుస్తకం" వాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి, అది వేరే రోజు పని.

ఇక మీ సంగతి. పిల్లలు రాసుకునే ఆ నోట్‌బుక్కు మీరు తెరవకండి. పరుపు కింద కనిపించినా, బల్ల మీద తెరిచే ఉన్నా, "ఒక్క పేజీయే" అనిపించినా. మీరు చదివారని తెలిసిన రోజు నుంచి పిల్లలు మీకోసం రాయడం మొదలుపెడతారు. అంటే ఫోనులో చెప్పే "బానే ఉన్నా"నే ఇప్పుడు కాగితం మీద కూడా రాస్తారు. "ఇవాళ ఏం రాశావు?" అని అడగడం కూడా తెరవడమే. "పకోడీలు సరిపోయాయా?" అని అడగండి.

తెలుసుకోకుండా ఉండటం కష్టమే. ఆ కష్టానికి మందు మీరూ రాయడం. పిల్లలు హాల్లో రాసుకుంటుంటే మీరు నలుగురూ వంటింట్లోనో మేడ మీదో కూర్చోండి. పిల్లలకు చెప్పిన కట్టుబాట్లే మీకూ, ఇంకో రెండు చేర్చుకోవాలి: ర్యాంకుల మాట ఎత్తకూడదు, పక్కింటి పిల్లల మాట అసలే ఎత్తకూడదు. అమ్మలు త్వరగానే అలవాటుపడతారు. నాన్నలు మొదట టీ తాగి న్యూస్ మాట్లాడి వెళ్లిపోతారు. వాళ్లకి "నా పదో తరగతి రిజల్టు" అని మాట ఇచ్చి చూడండి. పేపర్లో నంబరు వెతుక్కున్న ఆ పొద్దు ఇవాళ్టికీ ఏ నాన్నా మర్చిపోయే పొద్దు కాదు. అది రాసినవాళ్లలో కొందరు తర్వాత ఇంటికెళ్లి పిల్లలకు చెప్పుకుంటారు కూడా, ఎవరూ అడక్కపోయినా.

దీనికి శాస్త్రం ఏమంటుందని అడిగేవాళ్లకు: టెక్సస్‌లో జేమ్స్ పెన్‌బేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కాలేజీ పిల్లలతో వరసగా నాలుగు రోజులు, రోజుకు పదిహేను నిమిషాలు తమ జీవితంలో బాగా బాధపెట్టిన సంగతి రాయించి, 1986లో ఫలితాలు అచ్చు వేశారు. జరిగిందానితో పాటు తమకేమనిపించిందో కూడా రాసినవాళ్లు తర్వాతి నెలల్లో కాలేజీ ఆస్పత్రికి తక్కువసార్లు వెళ్లారు. అక్కడి నుంచి ఇలాంటి పరిశోధనలు వందల్లో జరిగాయి. 146 అధ్యయనాలను కలిపి చూసిన 2006 నాటి సమీక్ష, మేలు జరుగుతున్న మాట నిజమే కానీ సగటున అది చిన్నదేనని తేల్చింది. నేనూ మీకు ఆ చిన్నదే చెప్తున్నాను. రాసిన వెంటనే మనసు తేలికపడుతుందని కూడా అనుకోకండి. ఆ పూట మరింత బరువుగా ఉండటమే మామూలు. కూటమి నుంచి వచ్చిన పిల్ల ముభావంగా ఉంటే, అన్నం పెట్టి ఊరుకోండి. ఏదైనా సంగతి తలుచుకుంటేనే కాళ్లూచేతులూ వణుకుతుంటే, దాన్ని ఇప్పుడు రాయకుండా పక్కనపెట్టమని పెన్‌బేకరే చెప్తారు.

గది దాటకూడదన్న మాటకు ఒక్క మినహాయింపు ఉంది. దాన్ని మొదటి రోజే, పిల్లలందరి ముందూ చెప్పేయాలి. ఎవరైనా తన ప్రాణానికి హాని చేసుకునే ఆలోచన రాసినా, అన్నా, ఎవరైనా వాళ్లకు హాని చేస్తున్నట్టు తెలిసినా, కూర్చున్న పెద్దవాళ్లు ఆ రహస్యం దాచరు. ఆ పిల్లతోనే విడిగా మాట్లాడి, "ఈ సంగతి నీతో కలిసే మీ ఇంట్లో చెప్తాను" అనాలి. హాని చేసేవాళ్లు ఇంట్లోవాళ్లే అయితే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది. "చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా అడగడానికి భయపడొద్దు. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు, ఉన్నదుంటే బయటికొస్తుంది. అలాంటప్పుడు కూటములూ కాగితాలూ చాలవు. మనిషిని ఒంటరిగా వదలకుండా, 14416కు ఫోను చేయండి. అది టెలీ మానస్, ప్రభుత్వ సర్వీసు, డబ్బులు పడవు, పగలూ రాత్రీ పలుకుతారు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆ తర్వాత డాక్టరు. మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్తే పెళ్లి సంబంధాలు పోతాయని ఇంకా అనుకునే బంధువులకు జవాబు చెప్పే పని మీది, పిల్లలది కాదు.

రాసిన కాగితాలు ఏం చేయాలో వాళ్లిష్టం. చింపేస్తే చింపేయనివ్వండి, దాచుకుంటే అలమారలో తాళం పడే అర ఒకటి ఇవ్వండి, తాళంచెవి రెండోది మీ దగ్గర ఉంచుకోకుండా. ఎవరైనా రెండు వారాలు వచ్చి మానేస్తే బతిమాలకండి, కబురు మాత్రం పంపుతూ ఉండండి. హాల్‌టికెట్లు వచ్చే నెలలో "ఇప్పుడెందుకీ రాతలు, పరీక్షలయ్యాక చూద్దాం" అని మొదట అనేది మనమే. ఆ నెల గంటను అరగంటకు తగ్గించండి, పకోడీలు మానేసి మజ్జిగ ఇవ్వండి, హాలు మాత్రం వాళ్లకు ఖాళీగా ఉంచండి.